తెర మీద పాఠం, చేతిలో బోర్డు: టీచర్ల ప్రశ్నలకు జవాబులు

బోర్డు, వైర్లు, సెన్సర్లతో ప్రోగ్రామింగ్ నేర్పడాన్ని ఫిజికల్ కంప్యూటింగ్ అంటున్నాం. బడిపిల్లలకు ఇది నేర్పాల్సిన టీచర్లకు ఆన్‌లైన్‌లో శిక్షణ ఎలా ఇవ్వాలన్న దాని మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా జిల్లాలో 40 మంది గణితం, భౌతికశాస్త్రం టీచర్లకు ఆర్డునో ఊనో అనే ప్రోగ్రామింగ్ బోర్డు మీద ఆన్‌లైన్ శిక్షణ ఇవ్వాలి. రోజుకు ఆరు గంటల చొప్పున మూడు రోజుల్లో పూర్తి చేయమంటున్నారు. వీలవుతుందా?
— రిసోర్స్ పర్సన్, ప్రకాశం జిల్లా

జవాబు: హాజరు పట్టిక నిండుతుంది, పని మాత్రం రాదు. అవే 18 గంటలను గంటన్నర చొప్పున 12 తరగతులుగా విడగొట్టి, వారానికి రెండు వచ్చేలా ఆరు వారాలు నడపండి. కారణం ఒక్కటే. తరగతిలో మీరు చెబుతుండగా సర్క్యూట్ పని చేస్తుంది. మర్నాడు బడిలో టీచరు ఒక్కరే కూర్చుని చేసినప్పుడు చెయ్యదు. ఆ ఇబ్బందులను తీసుకుని మళ్లీ మీ దగ్గరికి రావడానికి రెండు తరగతుల మధ్య రెండు రోజులైనా ఉండాలి. వరుసగా మూడు రోజులు పెడితే ఆ సందేహాలన్నీ శిక్షణ ముగిశాక పుడతాయి, అప్పుడు జవాబు చెప్పేవారు ఉండరు. పై అధికారులకు ఈ సంగతే చెప్పండి. గంటలు తగ్గడం లేదు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఉంది.

40 మందిని పదేసి మంది చొప్పున మీటింగ్‌లోనే నాలుగు ఆన్‌లైన్ గదులు చేసి, గదికో సహాయకుణ్ణి పెట్టండి. వీలైతే ఒక్కో బడి నుంచి ఇద్దరిని తీసుకోండి. ఇద్దరికీ కలిపి ఒకే కిట్ చాలు. ఒకరు వైర్లు కలుపుతుంటే మరొకరు కీబోర్డు దగ్గర ఉంటారు, పావుగంటకోసారి చోట్లు మారతారు. శిక్షణ అయ్యాక కూడా బడిలో ఒకరికొకరు తోడుంటారు. గంటన్నరలో మొదటి పది నిమిషాలు గత వారం ఎదురైన ఇబ్బందులకు, పావుగంట మీరు చేసి చూపడానికి, ముప్పావుగంట గదుల్లో వాళ్లు చేయడానికి, చివరి ఇరవై నిమిషాలు వాళ్లలో ఒకరు మిగతావాళ్లను పిల్లలనుకుని పాఠం చెప్పడానికి. సమయం చాలకపోతే మీరు చూపేది కుదించండి. ముప్పావుగంటను మాత్రం ముట్టుకోవద్దు. ఒడ్డున కూర్చుంటే ఈత రాదు.

మొదటి తరగతికి వారం ముందే కిట్లు చేరాలి. ఆ వారంలో పాఠం లేని తరగతి ఒకటి పెట్టండి. అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం, బోర్డు మీది 13వ పిన్ ఎల్ఈడీని మిణుకుమనిపించడం, అంతే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొత్త బోర్డుల్లో చాలావాటికి మిణుకుమనే ప్రోగ్రామ్ ముందే ఎక్కించి ఉంటుంది. కేబుల్ గుచ్చగానే లైటు మిణుకుమంటే టీచరు అంతా సిద్ధమైందనుకుంటారు. అది రుజువు కాదు. ప్రోగ్రామ్‌లో ఆగే సమయం 1000 (మిల్లీసెకన్లు) ఉన్నచోట 200 అని మార్చి అప్‌లోడ్ చేయమనండి. మిణుకుడు వేగం పెరిగితేనే కేబుల్, డ్రైవర్, పోర్టు, బోర్డు నాలుగూ బాగున్నట్టు. ఆ వేగం మారిన వీడియో పంపినవారినే మొదటి తరగతికి సిద్ధంగా ఉన్నట్టు లెక్కేయండి.

12 తరగతుల్లో రెండింటిని తప్పులు వెతకడానికే కేటాయించండి. ఇద్దరిలో ఒకరు బయటికి వెళ్లాలి, రెండోవారు పని చేస్తున్న సర్క్యూట్‌ను పాడుచేయాలి. గ్రౌండ్ వైరు (మైనస్ వైపుది) పక్క వరుసలోకి జరపడం, ఎల్ఈడీని తిరగేయడం, ప్రోగ్రామ్‌లో 8 ఉన్న పిన్‌ను 9గా మార్చడం, ఇలాంటివి. తిరిగొచ్చినవారు ఏది ఏ వరుసలో చూశారో కాగితం మీద రాయాలి. కరెంటు వస్తోందా, గ్రౌండ్ కలిసిందా, కాళ్లు సరైన దిక్కులో ఉన్నాయా, పిన్ నంబరు ప్రోగ్రామ్‌తో సరిపోతోందా, ఆఖరున ప్రోగ్రామ్. కొత్తవాళ్లు దాదాపు అందరూ ఈ వరుసను తలకిందులు చేసి ముందు ప్రోగ్రామ్‌నే మారుస్తారు. దాంతో ఒక తప్పు కాస్తా రెండవుతుంది. తరగతిలో పదిమంది పిల్లలు ఒకేసారి "మేడమ్, రావట్లేదు" అన్నప్పుడు టీచరును కాపాడేది ఈ వరుసే.

ప్రశ్న: ఒక కిట్‌లో ఏమేం, ఎన్నెన్ని ఉండాలి? దుకాణంలో దొరికే రెడీమేడ్ పెట్టె కొనేస్తే సరిపోదా?
— ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జవాబు: రెడీమేడ్ పెట్టెల్లో వాడని సెన్సర్లు ఎక్కువ, వాడే ఎల్ఈడీలు తక్కువ. విడిగా కొని సర్దుకోవడమే మేలు. ఊనో బోర్డు 1, డేటా కేబుల్ 1, బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చే రంధ్రాల పలక) 1, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు ఐదేసి, 330 ఓమ్ రెసిస్టర్లు 15, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు 5, నాలుగు కాళ్ల పుష్ బటన్లు 4, ఎల్‌డీఆర్‌లు (వెలుతురు సెన్సర్లు) 2, ప్యాసివ్ బజర్ 1, ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) 1, హెచ్‌సీ-ఎస్ఆర్04 దూరం సెన్సర్ 1, రెండువైపులా పిన్నులున్న జంపర్ వైర్లు 30, ఒకవైపు పిన్ను ఒకవైపు రంధ్రం ఉన్నవి 10. పది కిట్లకు ఒక బోర్డు, రెండు కేబుళ్లు అదనంగా దగ్గర పెట్టుకోండి.

బజర్ కొనేటప్పుడు ప్యాసివ్ అని అడిగి తీసుకోండి. యాక్టివ్ రకం కరెంటివ్వగానే ఒకే కూత కూస్తుంది. సరిగమలు పలికించాలంటే ప్యాసివ్ కావాలి.

ఎల్ఈడీకి అందరూ 220 ఓమ్ చెబుతారు, మేం 330 ఎందుకన్నామో వివరంగా చెప్పాలి. ఇప్పుడు మార్కెట్లో దొరికేవి ఎక్కువగా ఐదు పట్టీల నీలి రెసిస్టర్లు. రెసిస్టర్ విలువను ఆ పట్టీల రంగులే చెబుతాయి. 220 ఓమ్‌కు పట్టీలు ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ. 10 కిలో ఓమ్‌కు గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. ఇప్పుడు 220ని తిప్పి పట్టుకుని చదవండి. గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, ఎరుపు. చివరి పట్టీ ఒక్కటే తేడా. అంటే 220ని తిరగేసి చదివితే 10 కిలో ఓమ్ అనిపిస్తుంది. ట్యూబులైటు వెలుతురులో ఎరుపుకూ గోధుమకూ తేడా కనిపెట్టడం కష్టం, ఫోన్ కెమెరాలో ఇంకా కష్టం. 10 కిలో ఓమ్ పెడితే ఎల్ఈడీకి వెళ్లేది 0.3 మిల్లీఆంపియర్లే. పగటి వెలుతురులో ఆ వెలుగు తెలియదు, టీచరు ఎల్ఈడీ పాడైందని పారేస్తారు. 330 పట్టీలు నారింజ, నారింజ, నలుపు, నలుపు, గోధుమ. ఎటు తిప్పినా 10 కిలో ఓమ్‌తో కలవదు. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 9 మిల్లీఆంపియర్లు అందుతాయి, కళ్లకు బాగా కనిపించడానికి అది చాలు. బోర్డు పిన్‌కూ క్షేమం.

830 రంధ్రాల బ్రెడ్‌బోర్డు అయితే అంచున ఉండే ఎరుపు, నీలం గీతలు మధ్యలో తెగి ఉన్నాయేమో చూడండి. తెగి ఉంటే కుడి సగానికి కరెంటు అందదు. రెండు సగాలనూ చిన్న వైరుతో కలిపి మరీ పంపండి.

ప్రశ్న: బోర్డు గుచ్చితే పచ్చలైటు వెలుగుతోంది గానీ కంప్యూటర్‌లో పోర్టు కనబడటం లేదు. శిక్షణ మొదలైన అరగంట నుంచి ఇదే పని. బోర్డు పోయిందా?
— భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: బోర్డు పోయే అవకాశం తక్కువ. ముందు కేబుల్ మార్చండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు, లైటు మాత్రం వెలుగుతుంది. ఊనోకు చదరపు మూతి కేబుల్ వస్తుంది కాబట్టి ఈ బెడద కొంత తక్కువ. మైక్రోబిట్, నానో అనే వేరే బోర్డులు వాడేవాళ్లు పాత ఫోన్ కేబుల్ గుచ్చి ఇక్కడే ఆగిపోతుంటారు.

కేబుల్ మారినా పోర్టు రాకపోతే డ్రైవర్ చూడాలి. తక్కువ ధర బోర్డుల మీద యూఎస్‌బీ పని చూసే చిప్ సాధారణంగా సీహెచ్340. పాత విండోస్ కంప్యూటర్లలో దాని డ్రైవర్ విడిగా ఎక్కించాలి. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, బడి కంప్యూటర్ల పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఆ పూట తెలియదు. అందుకే ఈ పని శిక్షణ రోజుకు వదలకుండా ముందు వారంలోనే పూర్తి చేయాలి. ఉబుంటు ఉన్నచోట డ్రైవర్ గొడవ ఉండదు. కానీ పోర్టు వాడే అనుమతి కోసం యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాలి.

పోర్టు కనిపించి అప్‌లోడ్ మాత్రం కాకపోతే మూడు చూడండి. మెనూలో ఎంచుకున్న బోర్డు, పోర్టు సరైనవేనా? సీరియల్ పోర్టును మరో ప్రోగ్రామ్ పట్టుకుని ఉందా? 0, 1 పిన్నులకు ఏమైనా వైరు తగిలించారా? ఊనోలో కంప్యూటర్‌తో మాట్లాడే దారి ఆ రెండు పిన్నులే. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు వాటిని ఖాళీగా ఉంచాలి.

ప్రశ్న: టీచరుగారు అటువైపు "అన్నీ మీరు చెప్పినట్టే కలిపానండీ, వెలగట్లేదు" అంటారు. నాకు తెరమీద వైర్ల గుబురు తప్ప ఏమీ కనబడదు. దూరం నుంచి తప్పు పట్టుకోవడం ఎలా?
— శిక్షకుడు, విశాఖపట్నం

జవాబు: ప్రతి ఒక్కరికీ రెండు కెమెరాలు కావాలి. లాప్‌టాప్ ముఖం కోసం, ఫోన్ బోర్డు కోసం. రెండు వైపులా పుస్తకాల దొంతులు పెట్టి, వాటి మీద అడ్డంగా స్కేలు వేసి, ఫోన్‌ను బోర్డుకు నిలువుగా పైనుంచి చూసేలా పడుకోబెట్టమనండి. ఫోన్ వెనుక కెమెరాతోనే మీటింగ్‌లో చేరి మైకు, స్పీకరు ఆపేయాలి, లేకపోతే గీ మని కూత పెడుతుంది. బోర్డు కింద తెల్ల కాగితం పరవాలి. వెలిగే ఎల్ఈడీ కెమెరాలో తెల్లగా పగిలినట్టు కనిపిస్తే తెరమీద దాన్నే వేలితో నొక్కి పట్టి వెలుతురు తగ్గించుకోవాలి.

అందరి బోర్డూ ఒకే దిక్కులో ఉండాలి. ఊనో యూఎస్‌బీ మూతి ఎడమకు, బ్రెడ్‌బోర్డు 1వ వరుస కూడా ఎడమకు. మీ కెమెరాలోనూ అలాగే కనిపించాలి. మీరు ఎదురుగా కూర్చుని చూపితే వాళ్లకు తలకిందులుగా కనిపిస్తుంది. "పైన", "పక్కన", "ఆ చివర" అనే మాటలు మానేసి రంధ్రాన్ని పేరుతో పిలవండి. "ఎర్ర వైరు ఇ-12లో ఉందా, ఇ-13లో ఉందా?" అంటే ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. 5 వోల్టులకు ఎరుపు, గ్రౌండ్‌కు నలుపు, మిగతావాటికి వేరే రంగు. ఈ నియమాన్ని గట్టిగా పట్టుకోండి. రంగులు కలగాపులగమైతే మీరే కాదు, కలిపినవారు కూడా కనిపెట్టలేరు.

వెలగని ఎల్ఈడీ దగ్గర కొలిచే పరికరం లేకుండానే ఒక పరీక్ష ఉంది. 8వ పిన్ నుంచి వచ్చే వైరును తీసి 5 వోల్టుల రంధ్రంలో పెట్టమనండి. రెసిస్టర్ దారిలోనే ఉండాలి. వెలిగితే బ్రెడ్‌బోర్డు మీది పనంతా సరిగా ఉంది, తప్పు ప్రోగ్రామ్‌లోనో పిన్ నంబరులోనో ఉంది. వెలగకపోతే ప్రోగ్రామ్ జోలికే వెళ్లొద్దు. ఎల్ఈడీని తిరగేసి చూడండి, పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలి. కాళ్లు రెండూ ఒకే వరుసలోని ఐదు రంధ్రాల్లో పడ్డాయేమో చూడండి. అలా పడితే కరెంటు ఎల్ఈడీని వదిలేసి పక్కనుంచి పోతుంది.

బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటోందంటే అది 90 డిగ్రీలు తిరిగి కూర్చుంది. నాలుగు కాళ్లలో రెండేసి లోపల ముందే కలిసి ఉంటాయి. బటన్‌ను మధ్య కాలువకు అటూ ఇటూ పెట్టి, మూలకు మూల ఎదురుగా ఉన్న కాళ్లను వాడితే ఎప్పుడూ సరిపోతుంది.

ప్రశ్న: కిట్లు రావడానికి నెలలు పట్టేలా ఉంది. టింకర్‌క్యాడ్ లాంటి సిమ్యులేటర్ మీదే శిక్షణ పూర్తి చేయొచ్చా?
— టీచర్ ట్రైనర్, కర్నూలు

జవాబు: మొదలుపెట్టొచ్చు, పూర్తి చేయొద్దు. టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్ ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, తరగతి కోడ్ ఇస్తే ప్రతి టీచరు చేసిందీ మీరు తెరిచి చూడొచ్చు. రెసిస్టర్ లేకుండా ఎల్ఈడీని బ్యాటరీకి కలిపితే అది పేలినట్టు బొమ్మ చూపిస్తుంది. ఈ తప్పు తెర మీద చేయడమే మంచిది.

అయితే తెర మీద ఏ వైరూ వదులు కాదు. బటన్ ఒక్కసారి నొక్కితే ఒక్కసారే పడుతుంది. నిజం బటన్ లోపల లోహపు రేకు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడుతుంది, ఒక్క నొక్కుడుకు లెక్క మూడో నాలుగో పెరుగుతుంది. ప్రోగ్రామ్‌లో 50 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివితే ఈ సమస్య పోతుంది. సర్వోకు యూఎస్‌బీ కరెంటు చాలక బోర్డు తనంతట తానే రీసెట్ అవడం కూడా సిమ్యులేటర్‌లో ఎదురుకాదు. సర్వోకు విడిగా నాలుగు ఏఏ సెల్స్ పెట్టి, సెల్స్ మైనస్‌నూ బోర్డు గ్రౌండ్‌నూ కలపాలి. ఈ కలపడం మరిచిపోతే సర్వో వణుకుతుంది, లేదా కదలనే కదలదు.

ఎల్‌డీఆర్ పాఠంలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 5 వోల్టుల నుంచి ఎల్‌డీఆర్, దాని రెండో కాలు ఏ0 పిన్‌కు, అక్కడి నుంచి 10 కిలో ఓమ్ మీదుగా గ్రౌండ్‌కు. విలువ 0 నుంచి 1023 మధ్య వస్తుంది. పాఠంలో "500 కంటే తగ్గితే లైటు వెలగాలి" అని రాసి ఉంటే అందరూ 500 అనే కొట్టేస్తారు. కిటికీ పక్క బల్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టినా 500కు తగ్గకపోవచ్చు. తెరిచి ఉన్నప్పుడు విలువెంత, మూసినప్పుడు ఎంత అని సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే విలువలు కనిపించే కిటికీలో) చూసి, ఆ రెండింటి మధ్య సంఖ్యను ఎవరికి వారే ఎంచుకోవాలి. మానిటర్‌లో పిచ్చి గుర్తులు వస్తే ప్రోగ్రామ్‌లో డేటా వేగం 9600 ఉందో, కింద మూలన కూడా అదే ఉందో చూడండి.

ప్రశ్న: టీచర్లు మేమిచ్చిన ప్రోగ్రామ్‌ను కాపీ చేసి ఎక్కించేస్తున్నారు. పని చేస్తుంది, ఎందుకు చేస్తోందంటే చెప్పలేరు. ఏం చేయాలి?
— సహాయకురాలు, హైదరాబాద్

జవాబు: ప్రోగ్రామ్ ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చి నడిపించే ముందు ఆపండి. స్యూ సెంటెన్స్, జేన్ వెయిట్ అనే పరిశోధకులు 2017లో ప్రిమ్ అనే పద్ధతిని ముందుకు తెచ్చారు. అందులో ఐదు మెట్లు: ఏం జరుగుతుందో ముందు ఊహించాలి, నడిపి చూడాలి, లోపలికి వెళ్లి పరిశీలించాలి, మార్చాలి, ఆఖరున సొంతంగా చేయాలి. ఆన్‌లైన్ శిక్షణలో మొదటి మెట్టుకు విలువ ఎక్కువ. ప్రతివారూ తమ ఊహను చాట్‌లో టైపు చేసి, మీరు చెప్పినప్పుడే ఒకేసారి పంపుతారు. ఒకరిని చూసి ఒకరు రాయడానికి వీల్లేదు.

ఒక ఉదాహరణ ఇస్తున్నాం. ఎల్ఈడీ ఐదు సెకన్లు వెలగాలి, ఐదు సెకన్లు ఆరాలి, ఆ తర్వాత బటన్ నొక్కి ఉందా అని చూసి, ఉంటే బజర్ మోగాలి, మళ్లీ మొదటికి రావాలి. ప్రోగ్రామ్ చూపించి అడగండి: "రెండో సెకనులో బటన్ ఒక్క క్షణం నొక్కి వదిలేస్తే ఏమవుతుంది?" చాలామంది వెంటనే బజర్ మోగుతుందంటారు. నడిపి చూస్తే మోగదు. డిలే (ఆగమనే ఆదేశం) నడుస్తున్నంతసేపూ బోర్డు బటన్ వైపు చూడదు, పదో సెకను తర్వాత చూసేసరికి వేలు తీసేసి ఉంటారు. ఇప్పుడు 5000ను 50 చేయమనండి. బటన్ బాగా స్పందిస్తుంది గానీ ఎల్ఈడీ గబగబా మిణుకుమంటుంది. రెండూ ఒకేసారి కావాలంటే గడియారం చూసుకుంటూ పని చేసే మిల్లిస్ అవసరమని వాళ్లే అడుగుతారు. ముందే మిల్లిస్ గురించి ఉపన్యాసం ఇస్తే ఎవరికీ ఎక్కదు.

ప్రశ్న: ఆరో తరగతి నుంచి మొదలుపెడుతున్నాం. ఊనోయా, మైక్రోబిటా, రాస్ప్‌బెర్రీ పై పికోనా?
— కంప్యూటర్ టీచర్, ఖమ్మం

జవాబు: ఆరు, ఏడు తరగతులకు మైక్రోబిట్. 25 ఎల్ఈడీలు, రెండు బటన్లు, కదలిక సెన్సర్ బోర్డు మీదే ఉంటాయి, బ్రెడ్‌బోర్డు అక్కర్లేదు, బ్లాకులతో ప్రోగ్రామ్ చేయొచ్చు. ఎనిమిది నుంచి ఊనో. పికో ధర తక్కువే గానీ మామూలు రకానికి పిన్నులు సోల్డర్ చేసుకోవాలి. పైగా అది 3.3 వోల్టులది. 5 వోల్టులతో నడిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 ఎకో కాలును నేరుగా కలిపితే పిన్ దెబ్బతింటుంది.

ప్రశ్న: మా బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. చూసుకునే మాస్టారు బదిలీ అయ్యాక గది తెరవలేదు. శిక్షణకు ఆ సామాను వాడొచ్చా?
— జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: తప్పకుండా వాడండి. 6 నుంచి 12 తరగతుల పిల్లల చేతికి అందాలనే ఆ ల్యాబులు పెట్టారు. మొదట బ్యాటరీలు చూడండి. ఉబ్బిన లిథియం సెల్స్‌ను ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, విడిగా తీసి ఈ-వ్యర్థాలకు ఇవ్వండి. ఏఏ సెల్స్ కారి రిమోట్లు, బ్యాటరీ పెట్టెల్లో తెల్లపొడి పేరుకుని ఉంటుంది. ఒట్టి చేత్తో తుడవొద్దు. తర్వాత ప్రతి ఊనోకూ పైన చెప్పిన 1000, 200 పరీక్ష చేసి, నెగ్గినవాటికి ఆకుపచ్చ చుక్క అంటించండి.

ప్రశ్న: శిక్షణ పొందిన టీచర్ల బడుల్లో పిల్లలు రిలేతో (బోర్డు చెప్పినట్టు పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌తో) బోరు మోటారు ఆన్ చేసే ప్రాజెక్టు చేస్తామంటున్నారు. వీడియోలు కూడా చూపిస్తున్నారు. ఒప్పుకోవచ్చా?
— మండల రిసోర్స్ పర్సన్, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఒప్పుకోవద్దు. బడి బల్ల మీదికి 230 వోల్టులు రాకూడదు. నీలి రిలే మాడ్యూల్‌ను తిప్పి చూడండి. అడుగున సోల్డర్ చుక్కలు ఏ కప్పూ లేకుండా బయటికే ఉంటాయి. మోటారు కలిపాక ఆ చుక్కల్లోనే ఇంటి కరెంటు ఉంటుంది, వాటికి అరంగుళం దూరంలో పిల్లల వేళ్లు ఉంటాయి. శిక్షణలోనే ఇది నియమంగా చెప్పి టీచర్ల చేత రాయించండి.

ఆలోచన మాత్రం మంచిదే, దాన్ని చంపొద్దు. 3 నుంచి 6 వోల్టులతో నడిచే చిన్న నీటి పంపు, నాలుగు ఏఏ సెల్స్, అదే రిలేతో బకెట్ నుంచి కుండీకి నీళ్లు పెట్టొచ్చు. పంపును బోర్డు పిన్‌కు నేరుగా కలపొద్దు. ఊనో పిన్ నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి లాగకూడదు, పంపు అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది. చదరపు 9 వోల్టుల బ్యాటరీ కూడా పనికిరాదు, ఎక్కువ కరెంటు అడగ్గానే కుంగిపోతుంది. రెండు పుల్లల మట్టి తేమ సెన్సర్‌కు ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచితే విద్యుద్విశ్లేషణ వల్ల ఒక పుల్ల పూత తినేసుకుపోతుంది. కొలిచేటప్పుడే కరెంటిచ్చి, చదవగానే ఆపేలా ప్రోగ్రామ్ రాయించండి. లేదా కెపాసిటివ్ రకం కొనండి.

ప్రశ్న: శిక్షణ చివర పరీక్ష ఎలా పెట్టాలి? నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు ఇస్తే చాలా?
— డైట్ అధ్యాపకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: చాలదు. రెండు పనులు పెట్టండి. మొదటిది, మీరు పంపిన ఫొటో, ప్రోగ్రామ్ చూసి రెండు తప్పులు పట్టుకోవాలి. ఒకటి వైరింగ్‌లో, ఒకటి ప్రోగ్రామ్‌లో ఉండాలి. ఏది ముందు చూశారో, ఎందుకో రాయాలి. రెండోది, తమ బడిలో నిజంగా పాఠం చెబుతున్న ఐదు నిమిషాల వీడియో. పిల్లల ముఖాలు కనిపించకుండా కెమెరాను చేతుల మీదికే పెట్టమనండి. అందులో మీరు చూడాల్సింది ఒక్కటి. పిల్లవాడి సర్క్యూట్ పని చేయనప్పుడు టీచరు చెయ్యి పెట్టి తానే సరిచేశారా, లేక "గ్రౌండ్ ఎక్కడుందో చూపించు" అని అడిగారా? సరిచేసేసినవారికి తప్పులు వెతికే తరగతి ఒకటి మళ్లీ ఇచ్చి, ఆ తర్వాతే సర్టిఫికెట్ ఇవ్వండి.